విప్పుకోని మూట

కంప్యూటరుతో పనిచేసేవారికి ఏదో ఒకనాడు ఎదురయ్యే చిక్కు ఒకటున్నది. పెళ్లి ఛాయాచిత్రాలో, కళాశాలకు సమర్పించవలసిన ప్రాజెక్టు నివేదికో, ఉద్యోగపు దరఖాస్తుకు జతచేయవలసిన ధ్రువపత్రాలో ఒకే జిప్ ఫైలుగా మూటకట్టబడి చేతికి అందుతాయి. దానిని తెరవబోతే ఫైలు చెల్లదనీ, పాడైనదనీ ఒక చిన్న ప్రకటన తెరమీద ప్రత్యక్షమవుతుంది. చాలామంది అక్కడితో ఆశ వదులుకొంటారు. కొందరు ఆ ఫైలును వెంటనే చెరిపివేస్తారు. ఆశ వదులుకోవడం కంటె చెరిపివేయడం పెద్ద పొరపాటు. తెరుచుకోని మూటలన్నీ చెడిపోయినవి కావు. కొన్ని సగమే వచ్చి ఉంటాయి, కొన్నింటికి పేరు మారి ఉంటుంది, కొన్నింటిని విప్పే సాధనం పాతదై ఉంటుంది. మూట ఏ విధంగా కట్టబడిందో తెలిసినవారికి ముడి ఎక్కడ బిగిసిందో పోల్చుకోవడం కష్టం కాదు.

ఫైలును కుదించడమంటే దానిలోని సమాచారాన్ని తగ్గించడం కాదు. చెప్పినదే మళ్లీ చెప్పకుండా పొదుపు చేయడం. ఒక వ్యాసంలో ‘స్వాతంత్ర్యోద్యమం’ అనే మాట ఇరవై సార్లు వచ్చిందనుకోవాలి. మొదటిసారి దానిని పూర్తిగా వ్రాసి, తరువాత వచ్చిన ప్రతిచోట ‘ఇన్ని అక్షరాలు వెనుకకు పోయి, అక్కడినుండి ఇన్ని అక్షరాలు తీసుకోవాలి’ అని సూచించితే చాలును. ఈ పద్ధతిని 1977లో అబ్రహాం లెంపెల్, జాకబ్ జివ్ అనే శాస్త్రజ్ఞులు ప్రకటించారు. దీనికి తోడు, తరచుగా వచ్చే గుర్తులకు పొట్టి సంకేతాలను, అరుదుగా వచ్చేవాటికి పొడవైన సంకేతాలను కేటాయించే పద్ధతి ఉన్నది. దానిని కనుగొన్న డేవిడ్ హఫ్‌మన్ అప్పటికి అమెరికాలోని ఎం.ఐ.టి.లో విద్యార్థి. చివరి పరీక్ష వ్రాయడానికి బదులు ఒక వ్యాసం సమర్పించవచ్చునని ఆచార్యుడు అనుమతించగా ఆ వ్యాసం కోసం చేసిన కృషిలో ఇది దొరికింది. 1952లో అది ప్రచురితమైంది. పరీక్షను తప్పించుకొన్న విద్యార్థులు ఎందరో ఉండవచ్చు గాని, దానివల్ల లోకానికి ఇంత మేలు చేసినవారు అరుదు.

తెలుగు పాఠ్యం ఈ పద్ధతికి ఎంతో అనువైనది. యూనికోడ్ విధానంలో సాధారణంగా వాడే యు.టి.ఎఫ్-8 సంకేతాలలో ప్రతి తెలుగు అక్షరానికీ, ప్రతి గుణింతపు గుర్తుకూ మూడేసి బైట్లు పడతాయి. ‘తెలుగు’ అనే చిన్న మాటకు 18 బైట్లు కావాలి. అయితే ప్రతి మూడు బైట్లలోను మొదటిది ఎల్లప్పుడూ ఒకే సంఖ్య. రెండవది రెండు సంఖ్యలలో ఏదో ఒకటి. ఇంత పునరుక్తి ఉన్నందువల్ల తెలుగు పాఠ్యం బాగా కుదించుకొనిపోతుంది. జేపెగ్ ఛాయాచిత్రాల సంగతి వేరు. అవి పుట్టుకతోనే కుదించబడి ఉంటాయి కనుక, మూటకట్టిన తరువాత కూడా వాటి పరిమాణం దాదాపు అంతే ఉంటుంది. చిత్రాల మూట చిన్నది కాలేదని అది చెడిపోయినట్లు అనుమానించవలసిన పని లేదు.

జిప్ పద్ధతిని 1989లో ఫిల్ కాట్జ్ అనే అమెరికన్ ప్రోగ్రామరు రూపొందించాడు. దాని నిర్మాణ వివరాలను అందరికీ వెల్లడించడంవల్ల అది ప్రపంచమంతటా వ్యాపించింది. ఈనాటికీ ప్రతి జిప్ ఫైలు ప్రారంభంలో సాధారణంగా పి, కె అనే రెండు ఆంగ్లాక్షరాలు కనిపిస్తాయి. అవి అతని పేరులోని పొడి అక్షరాలే. జిప్ మూటలో ఒక్కొక్క ఫైలు విడివిడిగా కుదించబడి, ఒకదాని వెనుక ఒకటిగా పేర్చబడుతుంది. ప్రతి ఫైలుకు ముందు దాని పేరు, వివరాలు తెలిపే చిన్న శీర్షిక ఉంటుంది. అన్నీ అయిపోయిన తరువాత, మూట చిట్టచివర, ఏ ఫైలు ఎక్కడ మొదలవుతుందో తెలిపే విషయసూచిక ఉంటుంది. మన గ్రంథాలలో విషయసూచిక మొదట ఉండడం వాడుక. జిప్‌లో అది చివర ఉన్నదనే ఈ ఒక్క విషయం గుర్తుంచుకొంటే సగం చిక్కులకు కారణం బోధపడుతుంది.

విప్పే సాధనం మొట్టమొదట వెదికేది ఆ సూచికనే. నూరు మెగాబైట్ల ఫైలు తొంభైతొమ్మిది మెగాబైట్ల వరకు దిగి, ఇంటర్నెట్ సంబంధం తెగిపోయిందనుకోవాలి. పోయినది ఒక్క పాలే గాని, ఆ పోయిన భాగంలోనే సూచిక ఉన్నది. అందువల్ల లోపలి సరకు దాదాపు అంతా క్షేమంగా ఉన్నప్పటికీ సాధనం మాత్రం మూట మొత్తం చెల్లదని ప్రకటిస్తుంది. ఇటువంటి సందర్భంలో మొదట చేయవలసినది పరిమాణం సరిచూడడం. పంపినవారి వద్ద ఉన్న ఫైలు ఎన్ని బైట్లో, తన వద్దకు చేరినది ఎన్ని బైట్లో పోల్చాలి. మెగాబైట్లలో చూస్తే చిన్న తేడాలు కనిపించవు, బైట్లలోనే చూడాలి. తేడా ఉంటే మరొకసారి దింపుకొనడమే మందు. పెన్ డ్రైవు మీద నకలు పూర్తికాకముందే దానిని ఊడబెరికినా, డిస్కులో చోటు చాలకపోయినా ఇదే ఫలితం కలుగుతుంది. పెన్ డ్రైవులలో తరచుగా కనిపించే ఫ్యాట్-32 అనే అమరికలో 4 గిగాబైట్లు, అంతకు మించిన ఫైలు ఒక్కటి కూడా పట్టదు. పాత జిప్ పద్ధతికి కూడా ఇంచుమించు అదే హద్దు. ఆ హద్దును దాటించే జిప్-64 విస్తరణ 2001లో వచ్చినా, విండోస్ ఎక్స్‌పీ వంటి పాత వ్యవస్థలలోని అంతర్గత సౌకర్యానికి అది తెలియదు.

పరిమాణం సరిపోయినా తెరుచుకోకపోతే, అది అసలు జిప్ ఫైలేనా అన్నది ప్రశ్న. పేరు చివర జిప్ అని ఉన్నంతమాత్రాన జిప్ కాజాలదు. ప్రవేశపు మాట అడిగే వెబ్‌సైటునుండి ఫైలును దింపుకొనేటప్పుడు, గడువు మించిపోయి ఉంటే, ఫైలుకు బదులు ప్రవేశపు పుటే దిగి, జిప్ అనే పేరుతో డిస్కులో కూర్చుంటుంది. కొన్ని మెగాబైట్లు ఉండవలసిన ఫైలు కొద్ది కిలోబైట్లే ఉంటే ఈ అనుమానం బలపడుతుంది. నోట్‌ప్యాడ్‌లో తెరిచి మొదటి అక్షరాలను చూస్తే నిజం తేలిపోతుంది. పి, కె ఉంటే జిప్. ఆర్, ఏ, ఆర్ అనే అక్షరాలు, వాటి వెంట ఆశ్చర్యార్థకం ఉంటే రార్. 7 అంకె, దాని పక్కన జెడ్ ఉంటే సెవెన్-జిప్. కోణాకారపు గుర్తుతో మొదలైతే బహుశా అది వెబ్ పుట. చూసిన తరువాత ఏమీ మార్చకుండా మూసివేయాలి. నోట్‌ప్యాడ్‌లో ‘సేవ్’ నొక్కితే బాగున్న ఫైలు కూడా పాడవుతుంది. ఒక ముచ్చట ఏమంటే, వర్డ్‌లోని డాక్స్ పత్రాలు, ఆండ్రాయిడ్ ఫోన్లలోని ఏపీకే ఫైళ్లు కూడా పి, కె అక్షరాలతోనే మొదలవుతాయి. అవన్నీ వేషం మార్చిన జిప్ మూటలే.

ఫైలు సరైనదే అయినా సాధనం చాలకపోవచ్చు. రార్‌ను రష్యాకు చెందిన యూజీన్ రోషాల్ రూపొందించాడు. 2013లో దానికి కొత్త అమరిక వచ్చింది. అంతకుముందు సాధనాలు ఆ కొత్త మూటలను చూసి పాడైనవని పొరపడేవి. జిప్ మూటలకు ఏ.ఈ.ఎస్. అనే బలమైన రహస్యలిపి 2003లో చేరినప్పటికీ, విండోస్‌లోని అంతర్గత సౌకర్యం చాలాకాలం దానిని విప్పలేకపోయింది. రార్, సెవెన్-జిప్ మూటలను స్వయంగా తెరిచే శక్తి విండోస్-11కు 2023లో గాని రాలేదు. ఇగోర్ పావ్‌లోవ్ 1999లో విడుదల చేసిన సెవెన్-జిప్ ఉచిత సాధనం. పై రకాలన్నింటినీ విప్పగలదు. అందుచేత ఒక మూట చెడిపోయినదని తీర్పు చెప్పేముందు ఇటువంటి మరొక సాధనంతో ప్రయత్నించడం న్యాయం. భాగాలుగా విభజించి పంపిన మూటల విషయంలో అన్ని భాగాలూ ఒకే ఫోల్డరులో, పేర్లు మారకుండా ఉండాలి. రార్ అయితే మొదటి భాగాన్ని తెరవాలి.

తెలుగువారికి ప్రత్యేకంగా ఎదురయ్యే ఇబ్బంది మరొకటి ఉన్నది. ఫైళ్లకు తెలుగులో పేర్లు పెట్టి మూటకట్టితే, విప్పిన తరువాత ఆ పేర్ల స్థానంలో వింత గుర్తులు కనిపిస్తాయి. జిప్ పుట్టిన కాలానికి యూనికోడ్ లేదు. పేర్లను అమెరికన్ కంప్యూటర్లలోని 256 గుర్తుల పట్టిక ప్రకారం వ్రాసేవారు. పేరు యు.టి.ఎఫ్-8లో ఉన్నదని తెలిపే గుర్తు 2006లో గాని జిప్ నియమాలలో చేరలేదు. మూటకట్టిన సాధనం ఆ గుర్తును ఉంచకపోయినా, విప్పే సాధనం పట్టించుకోకపోయినా, ‘క’ అనే ఒక్క అక్షరం మూడు ముక్కలై గ్రీకు ఆల్ఫాగా, చుక్కల గడిగా, నెత్తిన గీత ఉన్న రోమన్ ‘ఓ’గా కనిపిస్తుంది. పేరంతా ఆల్ఫాలతో, గడులతో నిండి ఉంటే అది వైరస్ పని అని భయపడనక్కరలేదు. అది తెలుగే, చదవడం రానివాడు చదివిన తెలుగు. లోపలి విషయానికి ఏ హాని ఉండదు. యూనికోడ్ తెలిసిన సాధనంతో విప్పినా, పేరు మార్చి పెట్టుకొన్నా సరిపోతుంది. దీనికి తోడు, విండోస్‌లో ఫోల్డర్ల పేర్లతో కలిపి ఫైలు దారి సాధారణంగా 260 అక్షరాలకు మించరాదు. చాంతాడంత పేర్లున్న మూటను విప్పలేనప్పుడు, దానిని డిస్కు మొదటి అంచెలో చిన్న పేరుగల ఫోల్డరులోకి మార్చి విప్పాలి.

ఇక నిజంగా చెడిపోయిన మూటల సంగతి. ఒక ఇంట తాతగారు చేత్తో వ్రాసిన దినచర్య పుస్తకాన్ని రెండు వందల పుటలుగా స్కాన్ చేసి ఒకే జిప్‌లో దాచారనుకోవాలి. ఆ తరువాత కాగితాలు చెదల పాలయ్యాయి. మిగిలినది ఆ ఫైలు ఒక్కటే. అది ఉన్న పాత డిస్కు చెడిపోసాగింది. ఇక్కడ తొందర పనికిరాదు. మొదట ఆ ఫైలుకు నకలు తీసి, ఏ చికిత్స చేసినా నకలు మీదనే చేయాలి. ఉన్న ఒక్క ప్రతిమీద మరమ్మతు సాధనాలను ప్రయోగించడం గోరుచుట్టుపై రోకటి పోటును కోరి తెచ్చుకోవడమే. జిప్‌లో ప్రతి ఫైలు పక్కన సి.ఆర్.సి.-32 అనే తనిఖీ సంఖ్య ఉంటుంది. విప్పిన తరువాత మళ్లీ లెక్కకట్టి, ఆ సంఖ్య కలవకపోతే దోషమున్నదని సాధనం తెలుపుతుంది. సెవెన్-జిప్‌లోని ‘టెస్ట్’ అనే మీట ఈ పరీక్షను మూట విప్పకుండానే జరిపి, ఏ ఫైలులో దోషమున్నదో చెబుతుంది. ప్రతి పుటా విడిగా కుదించబడినందున మూడు పుటలు పాడైతే మిగిలిన నూట తొంభైయేడు దక్కుతాయి. సూచిక పోయినప్పుడు విన్‌రార్‌లోని మరమ్మతు సౌకర్యం పి, కె గుర్తులను వెదుకుతూ పోయి, దొరికిన శీర్షికల ఆధారంగా కొత్త సూచికను నిర్మిస్తుంది. దోషమున్న పుటలను కూడా వదులుకోకూడదు. విన్‌రార్‌తో విప్పేటప్పుడు పాడైన ఫైళ్లను ఉంచమనే ఎంపికను గుర్తుపెట్టకపోతే అది వాటిని తానే చెరిపివేస్తుంది. పైసగం మాత్రమే కనిపించే పుట అయినా ఆ ఇంటివారికి విలువైనదే.

సెవెన్-జిప్ మూటలలో ఈ సౌలభ్యం తక్కువ. అనేక ఫైళ్లను ఒకే ధారగా కలిపి కుదించడం దాని అలవాటు కాబట్టి, ఒకచోట దోషం ఏర్పడితే ఆ తరువాతివి కూడా పోవచ్చు. పరిమాణంలో లాభించినదానికి అది చెల్లించే మూల్యం. రార్‌లో మూటకట్టేవారు కోరితే కొంత అదనపు సమాచారాన్ని చేర్చి, తరువాత ఏర్పడే చిన్న దోషాలను దానితో సరిదిద్దుకొనే ఏర్పాటు ఉన్నది. కోరకపోతే ఉండదు.

మూటకట్టినవారే ముందుగా చేయదగిన పని ఒకటున్నది. అసలు ఫైళ్లను చెరిపివేసేముందు మూటను ఒకసారి ‘టెస్ట్’ చేయాలి. పంపేటప్పుడు దాని పరిమాణాన్ని బైట్లలోను, షా-256 పద్ధతిలో లెక్కించిన సంఖ్యను వేరొక సందేశంలోను తెలియజేయాలి. విండోస్‌లోని సెర్ట్‌యుటిల్ అనే ఆదేశం ఆ సంఖ్యను లెక్కించి ఇస్తుంది. అందుకొన్నవారు తమవద్ద అదే లెక్క కట్టుకొంటారు. రెండు సంఖ్యలూ కలిసి, మూట మాత్రం తెరుచుకోకపోతే, దారిలో పోయినది ఏమీ లేదని అర్థం. అప్పుడు వెదకవలసినది సాధనాన్ని, లేదా మూటకట్టిన కంప్యూటరును.