మీకు తెలుసా?

ఒక్క ఫుట్‌బాల్ ఆట చూడటానికి కోల్‌కతాలో 1,31,781 మంది వచ్చారు. 1997 జూలై 13న సాల్ట్ లేక్ స్టేడియంలో ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్‌ల మధ్య జరిగిన ఫెడరేషన్ కప్ సెమీఫైనల్ అది. బైచుంగ్ భూటియా మూడు గోల్స్ కొట్టాడు, ఈస్ట్ బెంగాల్ 4-1తో గెలిచింది. అంత మంది ఇప్పుడు అక్కడ పట్టరు. 2017 అండర్-17 ప్రపంచ కప్ కోసం స్టేడియాన్ని బాగుచేసినప్పుడు విడివిడి కుర్చీలు వేశారు, దాంతో చోటు బాగా తగ్గింది. అయినా ఈ రెండు జట్లు తలపడే డెర్బీ రోజు అక్కడి హోరు ఒక్కసారైనా వినాల్సిందే!

చోడవరం నుంచి వెళ్లేవారు విశాఖలో హౌరా రైలెక్కితే ఒక రాత్రి ప్రయాణం. హౌరా స్టేషన్‌లోనే మెట్రో ఉంది. హుగ్లీ నది అడుగున సొరంగంలోంచి వెళ్లే ఆ లైన్, 2025 ఆగస్టు నుంచి మధ్యలో మారే పని లేకుండా నేరుగా సాల్ట్ లేక్ స్టేడియం స్టేషన్‌కు తీసుకెళ్తుంది. రైలు టికెట్ కొనేముందే మ్యాచ్ తేదీ ఖాయం చేసుకోండి. డెర్బీకైతే చొక్కా రంగు కూడా చూసుకోవాలి: ఎరుపు-పసుపు ఈస్ట్ బెంగాల్‌ది, మెరూన్-ఆకుపచ్చ మోహన్ బగాన్‌ది.

ఏ జట్టు వైపు కూర్చోవాలో తేలకపోతే ఒక్క మాట. సికింద్రాబాద్‌లో పుట్టిన తులసీదాస్ బలరామ్, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన మన దేశ జట్టులోని మేటి ఫార్వర్డ్, 1961లో ఈస్ట్ బెంగాల్ కెప్టెన్.