ఇంటి వద్ద వర్షపాతపు కొలత

వర్షపాతం అనగా కురిసిన వాన ఇంకిపోక, ఆవిరికాక, పల్లానికి పారక సమతలంపై నిలిచినచో ఏర్పడే నీటి లోతు. దీనిని మిల్లీమీటర్లలో తెలుపుతారు. చదరపు మీటరుపై ఒక లీటరు నీరు పడితే అది 1 మి.మీ.

విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు 1840లో వేధశాలను నెలకొల్పాడు. ఆయన అనంతరం దానిని నిర్వహించిన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు వాతావరణ పరిశీలనలు కూడా చేశాడు.

ఇంటి వద్ద గరాటు, సీసా, కొలపాత్ర ఉంటే చాలు. గరాటు మూతి వ్యాసం 10 సెం.మీ. అయినచో వైశాల్యం సుమారు 78.5 చ.సెం.మీ. కావున సీసాలో చేరిన మిల్లీలీటర్లను 7.85తో భాగించాలి, 157 మి.లీ. చేరితే వర్షపాతం 20 మి.మీ. చాలామంది సీసాలోని నీటి ఎత్తునే స్కేలుతో కొలిచి రాసుకుంటారు. సీసా, గరాటు వెడల్పులు సమానం కానప్పుడు అది శుద్ధ తప్పు.

అసలు చిక్కు స్థలంతోనే. పరికరానికీ గోడకూ మధ్య దూరం గోడ ఎత్తుకు కనీసం రెండింతలుండాలి. వన్ టౌన్ వంటి ఇరుకు వీధులలో అంత ఖాళీ దొరకదు, డాబాయే గతి. అయితే ఎత్తున గాలి విసురుకు చినుకులు గరాటును దాటిపోయి కొలత తగ్గుతుంది. 2014 అక్టోబరు 12న నగరాన్ని తాకిన హుద్‌హుద్ వంటి తుఫానులలో ఈ లోటు మరీ ఎక్కువ. డాబా నడుమ, పిట్టగోడకు దూరంగా, కదలకుండా బిగించడం కొంత మేలు.

భారత వాతావరణ శాఖ పద్ధతి ప్రకారం ఉదయం 8:30కు కొలిచి, గడచిన 24 గంటల వర్షపాతంగా నమోదు చేయాలి. 2.5 మి.మీ. లేక అంతకు మించి కురిస్తేనే వర్షపు రోజు. వడగళ్ళు, మంచు పడితే కరిగించి ఆ నీటిని కొలుస్తారు.