వంతెన దాటితే వేరే పోలీసు – అయినా ఫిర్యాదు ఇక్కడే ఇవ్వొచ్చు



కొన్నేళ్ల కిందట మా బడి పిల్లవాడి తండ్రి ఒకాయన మోటారు సైకిలు పోగొట్టుకున్నాడు. ఎదుర్లంక అవతల చుట్టాలింటికి పెళ్లికి వెళితే అక్కడ పోయింది. ఆయన ఏ స్టేషను మెట్లూ ఎక్కలేదు. "బండి పోయింది ఆంధ్రాలో, మనది యానాం. ఎటెళ్లినా అటు పొమ్మంటారని ఊరుకున్నాను మాస్టారూ" అన్నాడు. ఎఫ్ఐఆర్ లేదు కాబట్టి ఇన్సూరెన్సు డబ్బులూ రాలేదు.

ఆయన అనుమానం మనలో చాలామందికి ఉంది. యానాం పుదుచ్చేరిలో భాగం. ఒకపక్క కాకినాడ జిల్లా, వంతెన దాటితే కోనసీమ జిల్లా. మన చుట్టరికాలు, కూలిపనులు, సంతలు అన్నీ అటూ ఇటూ కలిసే ఉన్నాయి. పోలీసు శాఖలు మాత్రం వేరు. మనం ఫిర్యాదు ఇవ్వకుండా ఊరుకుంటే ఆ హద్దు దొంగకే కలిసొస్తుంది.

అందుకే ఈ సంగతి ప్రతి ఇంట్లో తెలియాలి. 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమల్లోకి వచ్చింది. దాని 173వ సెక్షన్ ప్రకారం, పోలీసులు నేరుగా కేసు కట్టగల నేరం ఎక్కడ జరిగినా, ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు. దీన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. అక్కడ సున్నా నంబరుతో నమోదు చేసి, నేరం జరిగిన పరిధిలోని స్టేషనుకు పంపుతారు. ఇంతకుముందు ఇది ప్రభుత్వ సూచనగా ఉండేది, ఇప్పుడు చట్టంలోనే ఉంది.

రాయడం రాకపోతే నోటితో చెప్పండి. వాళ్లే రాసుకుని, మీకు చదివి వినిపించి, సంతకం తీసుకోవాలి. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి. ఆన్‌లైన్‌లో పంపితే మూడు రోజుల్లోగా వెళ్లి సంతకం పెట్టాలి. ఎవరైనా తీసుకోకపోతే పోట్లాడొద్దు. అదే సమాచారం రాసి పోలీసు సూపరింటెండెంటుకు పోస్టులో పంపండి. అక్కడా పని జరక్కపోతే మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు.

సాక్ష్యం చెబితే స్టేషను చుట్టూ తిప్పుతారన్న భయం ఇంకొకటి. ఆడవారిని, పదిహేనేళ్ల లోపు మగపిల్లల్ని, అరవై దాటిన మగవారిని, వికలాంగుల్ని, తీవ్రంగా జబ్బుపడిన వారిని విచారణకు స్టేషనుకు రమ్మని బలవంతం చేయకూడదు. పోలీసులే వారి ఇంటికి రావాలి. ఇది 179వ సెక్షన్.

ఈ నంబర్లు ఇంట్లో గోడ మీద రాసి పెట్టండి:

112 – ఏ అత్యవసరానికైనా. ఫోన్ ఎత్తేవారికి మన ఊరు తెలియకపోవచ్చు. ముందుగా "యానాం, పుదుచ్చేరి" అని, తర్వాత వీధి, దగ్గరి గుర్తు చెప్పండి.

1930 – ఫోన్‌లో మోసపోయి డబ్బు పోతే. సిగ్గుపడి దాచుకోకండి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బును దారిలోనే ఆపే అవకాశం అంత ఎక్కువ.

1098 – ఆపదలో ఉన్న పిల్లల కోసం.

ముందు జాగ్రత్తగా ఈ ఆదివారం ఒక పని చేయండి. మీ ఫోన్‌లో స్టార్ హ్యాష్ 06 హ్యాష్ నొక్కితే పదిహేను అంకెల ఐఎంఈఐ నంబరు వస్తుంది. దాన్ని, బండి ఇంజను, ఛాసిస్ నంబర్లను ఒక నోటుబుక్కులో రాయండి. ఫోన్ పోతే ఫిర్యాదు కాపీతో సంచార్ సాథీ సైటులో దాన్ని పనిచేయకుండా చేయించవచ్చు. ఊరెళ్లేటప్పుడు పక్కింటివాళ్లకు, బీటు పోలీసుకు ఒక మాట చెప్పి వెళ్లండి.

చివరిగా ఒక విన్నపం. దొంగ దొరికినా చేయి చేసుకోవద్దు. కళ్లెదుట నేరం చేసినవాణ్ణి పట్టుకుంటే ఆలస్యం లేకుండా, ఆరు గంటల్లోపే పోలీసులకు అప్పగించాలని చట్టం. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారన్న వాట్సాప్ పుకార్లకు తెలుగు నేల మీద కూడా అమాయకులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అనుమానం వస్తే 112కు చెప్పండి, గ్రూపుల్లో పెట్టకండి.

పిల్లలు ఈ వ్యాసాన్ని ఇంట్లో పెద్దలకు చదివి వినిపించాలి. ఫిర్యాదు రాయడంలో సాయం కావాలంటే బడి వేళల్లో నా గదికి రండి, కలిసి రాద్దాం.

– ప్రధానోపాధ్యాయులు