గ్రాఫైట్ గుమ్మంలో లిథియం

పాత టార్చిలైటు సెల్లును పగలగొట్టి ఆడుకున్నవాళ్లకు చేతికంటిన నల్లపొడి గుర్తుండే ఉంటుంది. అందులో ఎక్కువ భాగం మాంగనీస్ డయాక్సైడ్. 1866లో ఫ్రెంచి ఇంజినీరు జార్జి లెక్లాంషే తన సెల్లులో దాన్ని వాడాడు. అప్పటినుంచి ఇప్పటిదాకా బ్యాటరీ ఏ వేషం వేసినా మాంగనీసు ఏదో ఒక మూల కనిపిస్తూనే ఉంది. ఆ ఖనిజాన్ని మన దేశంలో మొట్టమొదట తవ్వి ఎగుమతి చేసింది విజయనగరం ప్రాంతం నుంచే, 1890ల తొలి ఏళ్లలో. చీపురుపల్లి, గరివిడి చుట్టుపక్కల గనుల్ని పరిశీలించిన భూగర్భ శాస్త్రవేత్త ఎల్.ఎల్. ఫెర్మర్, కోడూరు గనుల దగ్గర దొరికిన ఒక వింత శిలకు ‘కోడూరైట్’ అని ఆ ఊరి పేరే పెట్టాడు.

నేటి ఎలక్ట్రిక్ బండికి కావలసిన మరో నల్లటి ఖనిజం గ్రాఫైట్. అదీ ఈ ప్రాంతంలోనే, తూర్పు కనుమల ఖోండలైట్ రాళ్లలో ఉంది. బ్యాటరీ ఎంత దూరం నడిపిస్తుందన్నది చాలావరకు మాంగనీసు లాంటి లోహాలున్న ధన ధ్రువం తేలుస్తుంది. ఎంత తొందరగా ఛార్జ్ అవుతుందన్నది గ్రాఫైట్ తేలుస్తుంది. మనం మాత్రం ఆ వేగమంతా ప్లగ్గులోనే ఉందనుకుంటాం.

రెండు ఇళ్ల మధ్య రాకపోకలు

1976లో స్టాన్లీ విటింగ్‌హామ్ టైటానియం డైసల్ఫైడ్ పొరల్లోకి లిథియం అయాన్లు వెళ్లి మళ్లీ బయటికి రాగలవని చూపించాడు. 1980లో ఆక్స్‌ఫర్డ్‌లో జాన్ గుడినఫ్ బృందం కోబాల్ట్ ఆక్సైడ్‌తో వోల్టేజిని నాలుగు వోల్టులకు చేర్చింది. కోబాల్ట్ ఖరీదైన లోహం. 1983లో అదే ప్రయోగశాలలో మైకేల్ థాకరే చవకైన మాంగనీసుతో అలాంటి పదార్థాన్ని సాధించాడు. దాని స్ఫటికంలో మూడు దిక్కులా సొరంగాలుంటాయి కనుక అయాన్లు చురుగ్గా తిరుగుతాయి.

రెండో వైపు, అంటే గ్రాఫైట్ ఉండే రుణ ధ్రువం కథ ఇంత సాఫీగా నడవలేదు. గ్రాఫైట్ పొరల మధ్య లిథియం దూరుతుందని 1980ల మొదట్లో రషీద్ యజామీ నిరూపించాడు. కానీ ధ్రువాల మధ్య నింపే ఆనాటి ద్రావకాలు లిథియంతోపాటు తామూ లోపలికి చొరబడి పొరల్ని ఊడగొట్టేవి. అందుకే 1985లో అకిరా యోషినో గ్రాఫైట్‌ను పక్కనపెట్టి పెట్రోలియం కోక్ వాడాడు. ఆ దారినే 1991లో సోనీ తొలి లిథియం అయాన్ బ్యాటరీని అమ్మకానికి తెచ్చింది. ఇథిలీన్ కార్బొనేట్ ద్రావకంతో గ్రాఫైట్ మీద ఒక పలుచని రక్షణ పొర ఏర్పడుతుందని తేలాక గానీ గ్రాఫైట్ తన చోటు దక్కించుకోలేదు. విటింగ్‌హామ్, గుడినఫ్, యోషినోలకు 2019లో నోబెల్ వచ్చింది.

ఛార్జర్ పెట్టగానే జరిగేది ఇది: లిథియం అయాన్లు ధన ధ్రువాన్ని వదిలి, ద్రావకం దాటి, గ్రాఫైట్ పొరల్లో సర్దుకుంటాయి. నిండా నిండినప్పుడు ఆరు కార్బన్ పరమాణువులకు ఒక లిథియం. బండి కదిలితే అవే వెనక్కి బయలుదేరతాయి.

తొందరపెడితే ఏమవుతుంది?

శ్రీరామనవమి నాడు విజయనగరం దగ్గరి రామతీర్థం గుడి ముందు జనాన్ని వెనకనుంచి ఎంత తోసినా గుమ్మం వెడల్పు పెరగదు. గ్రాఫైట్ అంచు దగ్గరా అంతే. కరెంటు మితిమీరి పంపితే లోపల చోటు దొరకని లిథియం పైనే లోహంగా పేరుకుపోతుంది. అందులో కొంత మళ్లీ పనికి రాదు, ఆ మేరకు బ్యాటరీ తరుగుతుంది. పేరుకున్నది సూదుల్లా పెరిగి అవతలి ధ్రువాన్ని తాకితే షార్ట్ సర్క్యూట్. అందుకే ఛార్జింగ్ 80 శాతం దాటాక నెమ్మదిస్తుంది. ఖాళీలు తగ్గేకొద్దీ బ్యాటరీని కాపలా కాసే ఎలక్ట్రానిక్ వ్యవస్థ కరెంటును తగ్గిస్తూ వస్తుంది.

ఎండ ఇంకో శత్రువు. వేడి పెరిగితే మాంగనీసు ధన ధ్రువం నుంచి కొద్దికొద్దిగా కరిగి, ద్రావకంలో ప్రయాణించి, గ్రాఫైట్ మీది రక్షణ పొరను పాడు చేస్తుంది. 2010లో వచ్చిన నిస్సాన్ లీఫ్ కారులో మాంగనీసు ప్రధానమైన బ్యాటరీ ఉండేది, దానికి ద్రవంతో చల్లబరిచే ఏర్పాటు లేదు. రెండేళ్లు తిరగకుండానే అమెరికాలోని అరిజోనా ఎండల్లో ఆ బ్యాటరీల సామర్థ్యం పడిపోయిందని గగ్గోలు పుట్టింది. 1997లో గుడినఫ్ దగ్గర అక్షయ పాఢి తదితరులు వెలికితెచ్చిన లిథియం ఐరన్ ఫాస్ఫేట్ వేడిని బాగా ఓర్చుకుంటుంది, త్వరగా మంటలంటుకోదు. ఈ వేడి దేశంలో దానికి ఆదరణ దక్కడంలో ఆశ్చర్యం లేదు. ఇప్పుడు దానికే మాంగనీసు కలిపి వోల్టేజి పెంచుతున్నారు.

వేగం పెంచే పద్ధతులన్నీ గుమ్మాన్ని వెడల్పు చేసే ప్రయత్నాలే. గ్రాఫైట్ పూతను పలుచన చేయడం, రేణువుల్ని గుండ్రంగా మలచడం, కాస్త సిలికాన్ కలపడం, ద్రావకాన్ని పలచబరచడం, ఛార్జింగ్‌కు ముందు బ్యాటరీని తగిన వేడికి తేవడం. బయటి ఛార్జర్ల పని వేరు. వోల్టేజిని 400 నుంచి 800కు పెంచితే అదే శక్తికి కరెంటు సగం చాలు, తీగల్లో వేడి నాలుగో వంతుకు తగ్గుతుంది. 2025 మార్చిలో చైనా కంపెనీ బీవైడీ వెయ్యి వోల్టుల, వెయ్యి ఆంపియర్ల ఛార్జింగ్‌ను ప్రకటించింది. అయిదు నిమిషాల్లో 400 కిలోమీటర్లకు సరిపడా నింపుతామంది. ఆ కరెంటును తీసుకోగల సెల్లులు ముందు తయారయ్యాయి కాబట్టే ఆ ఛార్జర్‌కు అర్థం ఉంది.

మన దారి లెక్క

విజయనగరం నుంచి నెల్లిమర్ల మీదుగా రామతీర్థం సుమారు 12 కిలోమీటర్లు. 2018లో వచ్చిన మహీంద్రా ట్రియో ఎలక్ట్రిక్ ఆటోలో 7.37 యూనిట్ల లిథియం బ్యాటరీ ఉంటుంది. ఒకసారి నింపితే వంద కిలోమీటర్లకు పైనే తిరుగుతుంది, అంటే ఈ దారిలో నాలుగుసార్లు పోయి రావచ్చు. మామూలు 15 ఆంపియర్ల సాకెట్టుకు తగిలిస్తే దాదాపు నాలుగు గంటల్లో నిండుతుంది. అదే బ్యాటరీని పదిహేను నిమిషాల్లో నింపాలంటే 30 కిలోవాట్లు కావాలి. పల్లెల్లో కనిపించే 63 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ అలాంటి రెండు ఆటోలకే సరిపోతుంది. తెల్లవారే వరకు ఇంటి దగ్గర నిలిచే బండికి ఆ తొందర దేనికి?

రోజంతా తిరగక తప్పని ఆటోకు మరో మార్గముంది. హైదరాబాద్‌లో పుట్టిన రేస్‌ఎనర్జీ లాంటి సంస్థలు ఖాళీ బ్యాటరీ తీసుకుని నిండిన బ్యాటరీ పెట్టి పంపిస్తాయి. డ్రైవరుకు నిమిషాల్లో పని అయిపోతుంది, తీసి ఉంచిన బ్యాటరీ మాత్రం తీరిగ్గా ఛార్జ్ అవుతుంది. తిరుమల ఘాట్‌లో 2022 నుంచి నడుస్తున్న ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు ప్లగ్గు లేకుండానే కొంత ఛార్జ్ చేసుకుంటాయి. దిగేటప్పుడు మోటారు జనరేటరుగా మారి, బ్రేకుల్లో వృథా అయ్యే శక్తిని బ్యాటరీకి పంపుతుంది. ఎక్కడంలో గ్రాఫైట్ ఖాళీ అయి ఉంటుంది కాబట్టే దిగడంలో దానికి చోటు దొరుకుతుంది.

ఇక మన ఖనిజాల సంగతి. మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమరరాజా సంస్థ 2023లో లిథియం సెల్లుల ఫ్యాక్టరీకి శంకుస్థాపన చేసింది. హైదరాబాద్‌లోని ఏఆర్‌సీఐ ప్రయోగశాల ఐరన్ ఫాస్ఫేట్ ధన ధ్రువ పదార్థం తయారీని అభివృద్ధి చేసింది. సెల్లు ఇక్కడ తయారైనంత మాత్రాన అందులోని పదార్థం ఇక్కడిది అయిపోదు. బ్యాటరీకి కావలసిన గ్రాఫైట్ 99.95 శాతం స్వచ్ఛంగా ఉండాలి, గుండ్రంగా మలిచేటప్పుడు సగానికి పైగా పొడి వేరైపోతుంది. ఇలా గుండ్రంగా మలిచిన గ్రాఫైట్ ప్రపంచ ఉత్పత్తిలో తొంభై శాతానికి పైగా చైనాదే. 2023 డిసెంబరు నుంచి ఆ దేశం గ్రాఫైట్ ఎగుమతులకు అనుమతులు తప్పనిసరి చేసింది. బ్యాటరీల తయారీకి వాడే మాంగనీసు సల్ఫేట్ విషయంలోనూ చైనాదే పైచేయి.

విజయనగరం, శ్రీకాకుళం మాంగనీసులో ఫాస్ఫరస్ ఎక్కువ, ఉక్కు పరిశ్రమకు అదొక లోపం. సల్ఫేట్ చేయాలంటే ఖనిజాన్ని ఆమ్లంలో కరిగించి మలినాల్ని విడదీస్తారు, కనుక అక్కడ ప్రశ్న నాణ్యత కన్నా ఖర్చుది. నూటముప్పై ఏళ్లుగా ఈ నేల ఇచ్చిన ఖనిజం ప్రధానంగా కొలిమికే పోయింది. దాన్ని బ్యాటరీ దాకా నడిపించాలంటే కొత్త గని కన్నా ముందు కావలసింది శుద్ధి చేసే రసాయన కర్మాగారం.