చేతికి రెండవ అక్షరాభ్యాసము

పలకపై తొలి అక్షరమును దిద్దుచున్న బాలుని చూచిన ఉపాధ్యాయునకు, వ్రేళ్లు విద్య నేర్చుటకు ఎంత శ్రమపడునో తెలియును. అట్లు నేర్చిన విద్య వ్యాధివలన నశించినచో, ఆ వ్రేళ్లకు మరల చదువు చెప్పవచ్చునా? ఈ ప్రశ్నకు చిత్తూరునకు చేరువనున్న రాయవేలూరులో ఒక సమాధానము లభించెను.

అచ్చటి క్రైస్తవ వైద్య కళాశాలకు 1946లో పాల్ బ్రాండ్ అను శస్త్రవైద్యుడు వచ్చెను. ఆయన 1914లో తమిళదేశపు కొల్లికొండలలో ఆంగ్ల దంపతులకు జన్మించెను; వైద్యము చదువుటకు పూర్వము వడ్రంగము, గృహనిర్మాణము నేర్చినవాడు. వచ్చిన కొలదికాలమునకే చెంగల్పట్టులోని కుష్ఠురోగుల ఆశ్రమమును దర్శించెను. అచ్చట గ్రద్దగోళ్లవలె ముడుచుకొనిపోయిన చేతులు కానవచ్చెను. ఒక రోగి చేతిలో తన చేతినుంచి బలముగా పట్టుకొమ్మనగా, ఆ పట్టునకు ఆయన చేయి నొచ్చెను. పనికిరాదనుకొన్న చేతిలో ఇంత బలమెక్కడిది?

మర్మమిది. వ్రేళ్లను ముడుచు పెద్ద కండరములు ముంజేతిలో నుండి, త్రాళ్లవంటి స్నాయువులతో వ్రేళ్లను లాగుచుండును. కుష్ఠువ్యాధి మోచేతికడను, మణికట్టుకడను నరములను చెరచుటచే అరచేతిలోని చిన్న కండరములు చచ్చుబడును. ముంజేతి కండరములు చాలవరకు చెడవు. కావున బలముగల కండరపు స్నాయువు నొకదానిని మరలించి, చచ్చుబడిన కండరము చేయు పనికి నియోగింపవచ్చును.

కాని శస్త్రచికిత్సతో సగము పనియే ముగియును. సుమారు మూడు వారములకు పిండికట్టు విప్పిన పిమ్మట చదువు మొదలగును. ఉంగరపు వ్రేలిని ముడుచు స్నాయువు నొకదానిని బొటనవ్రేలికి అమర్చిరనుకొనుడు. బొటనవ్రేలు కదలవలెనన్న, రోగి మొదట ఉంగరపు వ్రేలిని ముడువవలెనని తలచవలెను. తలపొకటి, కదలిక వేరొకటి! దినదినమును అభ్యసింపగా మెదడు క్రొత్త పాఠమును అంగీకరించును. బిగిసిన కీళ్లను వెచ్చని మైనముతో, నూనె మర్దనముతో సడలించుటయు, బద్దలు కట్టి వ్రేళ్లను మెల్లమెల్లగా చాచుటయు ఈ చదువులోని భాగములే.

బ్రాండ్ వేలూరు కళాశాల ఆవరణలో నవజీవ నిలయమును నెలకొల్పెను. చేతులు బాగుపడినవారు అచ్చట వడ్రంగము నేర్చుకొనుచుండిరి. అయినను గాయములు మానలేదు. ఆయన అనుభవములలో ఒకటి ప్రసిద్ధము. తుప్పుపట్టిన తాళమొకటి ఎంతకును రాకపోగా, ఒక రోగి బాలుడు చెవిని పట్టి ఒక్క ఊపున తిప్పెను. నేలపై రక్తబిందువులు పడెను. వ్రేలు ఎముకవరకు తెగియుండెను. బాలునకు తెలియనే లేదు. వ్రేళ్లు తమంత కుళ్లి రాలుటలేదు, నొప్పి తెలియని గాయములే వానిని హరించుచున్నవని ఆయన గ్రహించెను. రాత్రివేళ ఎలుకలు కొరికినను రోగికి మెలకువ రాదు. అందుచే ఇండ్లకు పోవువారికి పిల్లులను కూడ ఇచ్చి పంపిరి! పనిముట్ల పిడులను మార్చిరి. నొప్పి చేయవలసిన కాపలాను కంటికి అప్పగించిరి.

బ్రాండ్ 1966లో అమెరికాకు వెడలి, 2003లో మరణించెను. అమెరికాలో హస్తచికిత్సకుల సంఘము 1977లో ఏర్పడెను. నేడు యంత్రములలో నలిగిన చేతులకును, పక్షవాతము సోకిన చేతులకును ఇట్టి ఓపికగల శిక్షణయే ఆధారము. 1980ల నుండి వాడుకలోనికి వచ్చిన బహుళ ఔషధములు కుష్ఠును నయము చేయుచున్నవి; కాని పూర్తిగా చెడిన నరము మరల స్పర్శనొసగదు. అందుచే వ్యాధి పోయినను ఒక పాఠము మిగులును. ప్రతిరాత్రియు పరుండబోవుముందు, దీపమునొద్ద కూర్చుండి, తన రెండు చేతులను తానే చదువుకొనవలెను.