బిగిసిన కండరాలకు గోరువెచ్చని నీటి చికిత్స

అమలాపురం: కొబ్బరి చెట్టు పైనుంచి జారిపడిన దింపు కార్మికులు, ద్విచక్ర వాహన ప్రమాదాల్లో తలకు దెబ్బ తగిలిన యువకులు ప్రాణాపాయం నుంచి బయటపడినా, కొన్ని వారాలకు కొందరిలో చేయి ముడుచుకుపోతుంది, మడమ నేలకు ఆనదు. వైద్యులు దీనిని స్పాస్టిసిటీ అంటారు. మెదడు నుంచి అందాల్సిన అదుపు సంకేతాలు తగ్గడంతో వెన్నుపాములోని ప్రతిచర్యలు మితిమీరడమే ఇందుకు కారణం. నరం పట్టేసిందని భావించి నూనె రాసి గట్టిగా, వేగంగా లాగితే బిగువు మరింత పెరుగుతుంది.

నేలపై చేసే వ్యాయామానికి తోడుగా ఫిజియోథెరపిస్టులు ఇటువంటి వారికి నీటి చికిత్స చేయిస్తారు. నడుము లోతు నీటిలో కాళ్లపై పడే భారం దాదాపు సగానికి, ఛాతీ లోతులో సుమారు మూడో వంతుకు తగ్గుతుంది. నేలపై నిలవలేని వ్యక్తి సైతం, ఒకరు పట్టుకుంటే, నీటిలో అడుగు వేసే వీలుంటుంది. 33 నుంచి 35 డిగ్రీల సెల్సియస్ వెచ్చదనం బిగువును సడలిస్తుంది. ఆ సడలింపు కొద్దిసేపే. అది ఉండగానే కండరాలను నెమ్మదిగా సాగదీసి, నడక సాధన చేయించాలి.

ఇంటి ముందే కాలువ ఉంది కదా అని రోగిని అందులో దింపడం మాత్రం ప్రమాదకరం. ఒక్కసారిగా తగిలే చన్నీటికి కండరాలు మరింత బిగుసుకోవచ్చు. ప్రవాహంలో కాలు నిలవదు. తలకు గాయమైన వారికి ఫిట్స్ వచ్చే అవకాశమూ ఉంటుంది. ఫిట్స్, మానని పుండ్లు, గొంతుకు గొట్టం ఉన్నవారు వైద్యుని అనుమతి లేనిదే చికిత్స కొలనులోకి సైతం దిగరాదు.

కొలను అందుబాటులో లేదని నేలపై వ్యాయామం మానేయరాదు. మన పల్లెల్లో అసలు చిక్కు ఇదే. ఉన్నట్టుండి బిగువు పెరిగితే పడకపుండ్లు, మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం ఉన్నాయేమో ముందుగా వైద్యునికి చూపించాలి.