మెథడ్ రింగింగ్

మెథడ్ రింగింగ్ అనగా చర్చి గోపురంలోని గంటలను పాట రూపంలో కాక, ఒక నియమం ప్రకారం క్రమం మార్చుతూ మోగించే పద్ధతి. ఇది 17వ శతాబ్దంలో ఇంగ్లాండులో రూపుదిద్దుకున్నది. పర్చూరు ప్రాంతంతో సహా తెలుగునాట చర్చిలలో సాధారణంగా ఒకటి రెండు గంటలే ఉండటం వలన ఈ కళకు ఇక్కడ వాడుక లేదు. భారతదేశంలో పుణేలోని హోలీ నేమ్ చర్చి గోపురంలో ఇందుకు అనువుగా అమర్చిన ఎనిమిది గంటలు ఉన్నాయి. దీని వెనుకనున్న గణితం మాత్రం ఇంటర్మీడియట్ విద్యార్థులు చదివే ప్రస్తారాలే.

గంటల అమరిక

ప్రతి గంట ఒక పెద్ద చక్రానికి బిగించబడి ఉంటుంది. తాడు లాగినప్పుడల్లా గంట దాదాపు పూర్తి చుట్టు తిరిగి ఒకసారి మోగుతుంది. ఒక్కొక్క గంటకు ఒక్కొక్క వ్యక్తి ఉంటాడు. బరువైన గంట ఊపును కొద్దిగా మాత్రమే ఆపడానికి లేక త్వరపెట్టడానికి వీలవుతుంది కనుక, గంటలతో పాటలు వాయించడం సాధ్యం కాదు. చిన్న గంటకు 1, తరువాతి వాటికి వరుసగా 2, 3, 4 అని సంఖ్యలు ఇస్తారు. అన్ని గంటలూ ఒక్కొక్కసారి మోగితే అది ఒక 'వరుస'.

మూల నియమాలు

* ఒక వరుస నుండి మరొక వరుసకు ఏ గంటైనా ఒక స్థానం కంటే ఎక్కువ జరగరాదు. అనగా పక్కపక్కనున్న గంటలు మాత్రమే స్థానాలు మార్చుకోవాలి.
* మొదటి వరుసతోనే ముగించాలి. ఈ మధ్యలో ఏ వరుసా రెండవసారి రాకూడదు.

రెండవ నియమం పాటించిన వాదనమే 'సత్యమైనది'. ఒక్క వరుస పునరావృతమైనా గంటల తరబడి చేసిన శ్రమ లెక్కకు రాదు. అందుకే మోగించడానికి ముందే కాగితంపై నిరూపణ చేసుకుంటారు.

నాలుగు గంటల ఉదాహరణ

అన్నిటికంటే సులభమైనది ప్లెయిన్ హంట్. దాని వరుసలు: 1234, 2143, 2413, 4231, 4321, 3412, 3142, 1324, మరల 1234. ఇందులో 1వ గంట చివరి స్థానం వరకు నడచి, అక్కడ రెండు వరుసలు నిలిచి, వెనుకకు వస్తుంది.

నాలుగు గంటలకు మొత్తం 24 వరుసలు సాధ్యం కాగా, పైన 8 మాత్రమే వచ్చాయి. మిగిలినవి రాబట్టడానికి 1324 తరువాత మధ్య రెండింటిని కాక చివరి రెండింటిని మార్చితే 1342 వస్తుంది. అక్కడి నుండి ఇదే విధంగా నడిపితే 1423, ఆ పిమ్మట 1234 వస్తాయి. మూడు ఎనిమిదులు 24 పూర్తవుతాయి. ఇదే ప్లెయిన్ బాబ్. తరగతి గదిలో నలుగురు విద్యార్థులు అంకెల అట్టలు పట్టుకొని నిలబడి దీనిని అభ్యసించవచ్చు.

నేర్చుకునే విధానం

వాదకులు అంకెలన్నిటినీ కంఠస్థం చేయరు. తమ గంట స్థానాలను గీతతో కలుపగా వచ్చే మార్గాన్ని మాత్రమే గుర్తుంచుకుంటారు. నాయకుడు మధ్యలో 'బాబ్', 'సింగిల్' అని పలికితే ఆ మార్గం మారుతుంది.

చరిత్ర

ఫేబియన్ స్టెడ్‌మన్ 1677లో 'కాంపనలోజియా' గ్రంథాన్ని వెలువరించాడు. 1715 మే 2న నార్విచ్‌లోని సెయింట్ పీటర్ మాంక్రాఫ్ట్ చర్చిలో ఏడు గంటల 5040 వరుసలూ మోగించబడ్డాయి. గ్రాండ్‌సైర్ ట్రిపుల్స్ అనే పద్ధతిలో సాధారణ మార్పులు, బాబ్‌లతోనే 5040 సాధించడం అసాధ్యమని 1886లో డబ్ల్యు. హెచ్. థాంప్సన్ నిరూపించడంతో ఎంతో కాలంగా సాగిన అన్వేషణకు తెరపడింది. 1963లో లఫ్‌బరోలో ఎనిమిది గంటల 40320 వరుసలను దాదాపు 18 గంటలలో ఏకధాటిగా పూర్తిచేశారు.

భారతీయ ప్రస్తారంతో పోలిక

భాస్కరాచార్యుని లీలావతి (1150)లోని అంకపాశ ప్రకరణం ఇటువంటి లెక్కలనే బోధిస్తుంది. 13వ శతాబ్దంలో శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరంలో సప్తస్వరాల 5040 క్రమాలను ప్రస్తరించే విధానాన్ని వివరించాడు. ఎన్నవ వరుస ఏదో చెప్పడం 'నష్టం', ఇచ్చిన వరుస ఎన్నవదో చెప్పడం 'ఉద్దిష్టం'. ఈ మాటలు తెలుగు ఛందస్సు చదివినవారికి పరిచితమే. ఏడు స్వరాలకూ, ఏడు గంటలకూ సంఖ్య ఒకటే. భేదమేమనగా, ప్రస్తారంలో వరుసలన్నీ తప్పిపోకుండా రావడమే ప్రధానం. గంటల విషయంలో ప్రతి వరుసా ముందరి వరుస నుండి ఒక్క అడుగులోనే చేరదగినదై ఉండాలి.